మోచెయ్యి లేని టెలిస్కోప్

అమ్మ సంచి సర్దుతోంది. సర్దుతోందనడం కంటే, పెట్టిందే తీసి తీసిందే మళ్ళీ పెడుతోందనడం నయం. స్వెట్టరు పెట్టింది. బరువని తీసేసింది. చలేస్తుందేమోనని మళ్ళీ పెట్టింది. టార్చిలైటు, తాడు, గాయానికి కట్టు కట్టే గుడ్డ, ఒక ఈల. ఈల ఎందుకని కొడుకు అడగలేదు. అడిగితే చెప్పదు. చెప్పకపోగా ఇంకో ఈల పెడుతుంది.

"నేను పట్టుకెళ్ళాల్సింది ఇదొక్కటేనమ్మా" అంటూ అతను గుప్పిట విప్పాడు. వంపు తిరిగిన చిన్న నల్లటి గొట్టం, లోపల ఒక అద్దం. టెలిస్కోప్ వెనక తగిలించుకుని, ఆకాశంలోకి తలెత్తే పని లేకుండా కిందికి వంగి చూసుకునే ముక్క. పుస్తకాల్లో దానికి వేరే పేరుంది గానీ ఆ షాపులో పుట్టి పెరిగినవాడికి అది మోచెయ్యి.

"పోస్టులో పంపరాదూ?"

"ఆ కొండ మీదికి పోస్టు వారానికోసారి వెళ్తుంది. ఈ వారానిది వెళ్ళిపోయింది."

"ఫోన్ చేసి చెప్పు."

"అక్కడ ఫోను మోగదు."

"వచ్చే వారం పంపు."

"చంద్రుడు ఆగడు కదమ్మా."

అమ్మ చేతిలో స్వెట్టరు అలాగే ఉండిపోయింది. ఆ ఇంట్లోంచి సంచి సర్దుకుని కొండెక్కిన మనిషి ఇంతకు ముందు ఒక్కడే. తోకచుక్క చూస్తానని, షాపులోకెల్లా బరువైన టెలిస్కోప్ భుజానేసుకుని వెళ్ళిన నాన్న. ఆయన సంచి తగిలించే మేకు కింద షాపు గోడకి ఇంకా ఉంది. దానికి ఎవరూ ఏదీ తగిలించరు. "మీ ఆయన ఏరమ్మా" అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే అమ్మ ఇప్పటికీ "ఊరెళ్ళారు" అంటుంది, నిన్న పొద్దున బయల్దేరిన మనిషి గురించి చెప్పినట్టు. కొడుక్కి మీసాలొచ్చాయి, షాపు చేతికొచ్చింది, ఆ మాట మాత్రం మారలేదు. మార్చమని అతనూ ఎన్నడూ అనలేదు.

అలాంటి ఇంట్లో ఇవాళ సంచి సర్దాల్సి రావడానికి కారణం ఒక వాన.

*

కింద షాపు, మధ్యలో ఇల్లు, పైన డాబా. టెలిస్కోపులూ బైనాక్యులర్లూ అమ్ముతారు, పాతవి బాగుచేస్తారు. వీధి వీధంతా అతన్ని లెన్సు బాబు అంటారు. ఎదురుగా మనిషి నిలబడితే ముఖం కంటే ముందు కళ్ళజోడు శుభ్రంగా ఉందో లేదో చూస్తాడని ఆ పేరు.

ఆ రోజు వాన గొడుగులని కూడా లెక్కచెయ్యలేదు. తలుపు తోసుకుని ఒకామె లోపలికొచ్చింది. జడ చివరనుంచి కారిన నీళ్ళు పట్టా మీద మడుగు కట్టాయి. కళ్ళజోడు నిండా చుక్కలు. అతను ఆలోచించకుండా లెన్సులు తుడిచే మెత్తటి గుడ్డ తీసి ఆమె చేతిలో పెట్టాడు. అమ్మని కూడా ముట్టుకోనివ్వని గుడ్డ అది. కౌంటరు వెనక అమ్మ కనుబొమ్మలు పైకి లేచాయి.

"మీ దగ్గరున్న వాటిలో పెద్ద టెలిస్కోప్ కావాలండీ" అందామె.

"ఎక్కడ పెట్టి చూస్తారు?"

"ఎక్కడా పెట్టను. మోసుకు తిరుగుతాను. కొండ మీది బళ్ళకి సైన్స్ టీచర్ని. ఒక్కో బడిలో కొన్నాళ్ళుంటాను. రోడ్డు లేదు, నడకే."

"అయితే మీకు పెద్దది వద్దండి. చిన్నది తీసుకోండి, తేలిగ్గా ఉంటుంది."

"ఆడపిల్ల మోయలేదనా?"

"నేనలా అన్లేదు."

"అనక్కర్లేదు. మీ కళ్ళు అన్నాయి."

అతని కళ్ళు ఆ సమయంలో అంటున్నది పూర్తిగా వేరే సంగతి. అది ఆమెకి కనపడలేదు, కళ్ళజోడు ఇంకా తుడుచుకుంటోంది కాబట్టి.

"చూడండీ" అంది గుడ్డ తిరిగిచ్చేస్తూ. "వచ్చే నెల సగం చంద్రుడు వచ్చిన రోజున చంద్రుడి మీది గుంటలు చూపిస్తానని పిల్లలకి మాటిచ్చాను. పెద్దవాళ్ళు కూడా పక్క కొండల మీంచి నడిచొస్తున్నారు. ఇంతవరకూ వాళ్ళకోసం ఎవరూ ఏదీ కొండ మీదికి తీసుకెళ్ళి చూపించలేదు. నేను చూపిస్తాను. అది పెద్దగానే ఉండాలి."

ఆమె గడ్డం కొంచెం పైకి లేచింది. ఆ గర్వం ఆమెకి బాగా కుదిరిందని అతను అనుకున్నాడు. అనుకున్నది ముఖం మీద కనపడకుండా ఉండటానికి అల్మరా అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

అమ్మ కౌంటరు మీద వేలితో తట్టింది. "మా షాపులో ముందు సంచి, తర్వాత టెలిస్కోప్. నువ్వు మోసుకెళ్ళేవన్నీ సంచిలో సర్దుకుని రా. టెలిస్కోప్ కూడా అందులో పెట్టి భుజానేసుకుని డాబా ఎక్కు. ఎక్కీ ఎక్కగానే స్టేషను గడియారం మీద కంపెనీ పేరు చదువు. చదివితే నీది."

"చదవలేకపోతే?"

"అమ్మను. మొన్న ఒక పోలీసాఫీసరుకి కూడా అమ్మలేదు."

*

మర్నాడు ఆమె సంచితో దిగింది. పెద్ద టెలిస్కోప్ అందులోకి దూర్చి, అతను చెయ్యి వేయబోతే కంటితోనే ఆపి, మెట్లెక్కింది. మధ్యలో ఒకచోట ఆగి చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటించింది. అతను చూడనట్టు నటించాడు.

డాబా మీద స్టాండు నిలబెట్టి, టెలిస్కోప్ బిగించి, "మోశానా?" అంది.

"మోశారు."

"మరి?"

"చదవండి."

కన్ను పెట్టి, ఫోకస్ పిడి పట్టుకుంది. స్టేషను గడియారం నీళ్ళలో నీడలా ఊగింది. ఆమె పళ్ళు బిగించింది. గడియారం ఇంకా ఊగింది. పిడి మీద ఆమె వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

"మీరు మోయలేరని నేనెప్పుడూ అనుకోలేదండి" అన్నాడతను మెల్లిగా. "మోశాక చెయ్యి నిలవాలి. చూపించాల్సింది కొండెక్కాకే కదా."

ఆమె మూతి ముడిచింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక కాసేపు గడియారం మీద తెచ్చుకుంది.

"ఈ మాట నిన్ననే చెప్పొచ్చుగా."

"చెబితే వినేవారా?"

"వినేదాన్ని కాదు" అంది, అని నవ్వేసింది. వాన వెలిసిన డాబా మీద ఆ నవ్వు అతనికి అవసరమైన దానికంటే ఎక్కువసేపు వినపడింది.

ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా వచ్చింది. చిన్న టెలిస్కోపులు ఒక్కొక్కటీ సంచిలో పెట్టుకుని డాబా ఎక్కడం, సాయంత్రం పూట చంద్రుడుంటే చంద్రుణ్ణి, లేకపోతే గడియారాన్ని చూడటం. అతను వెనకే స్టాండు మోసుకుంటూ వచ్చేవాడు. అమ్మ కిందనుంచి "చదివిందా?" అని అరిచేది.

మొదటిది అరచేతిలో ఇమిడిపోయేంత తేలిక. కన్ను పెట్టి చూసి, "ఈ చంద్రుడికి కాటుక ఎవరు పెట్టారండీ?" అంది. చంద్రుడి అంచు పొడుగునా ఊదారంగు గీత.

"మామూలు గాజు అంతేనండి. రంగులన్నిటినీ ఒక్కచోట చేర్చలేదు."

"మా పిల్లలు చంద్రుడికి ఊదా అంచుంటుందని పరీక్షలో రాసేస్తారు. వద్దు."

రెండోదానికి గాజు మంచిదే, గొట్టం పొడుగు. సంచిలోంచి మూరెడు బయటికి పొడుచుకొచ్చింది. "బస్సులో పక్కనున్నాయన కన్ను పోతుంది" అని పక్కన పెట్టింది.

మూడోది కుదిరింది. రంగులు చెదరని గాజు. పొట్టి గొట్టం. మంచు పడకుండా ముందుండే తొడుగు లోపలికి జారిపోతే మోచేతి నుంచి మణికట్టు దాకా ఉంటుందంతే. కానీ తేలిక స్టాండు మీద పెడితే గాలి వీచినప్పుడల్లా బొమ్మ వణికింది.

"చూశారా, గొట్టం ఒక్కటే తేలికైతే చాలదు" అంటూ అతను ఆమె సంచి తీసి స్టాండు కింద కొక్కేనికి వేలాడదీశాడు. వణుకు ఆగిపోయింది.

ఆమె వేలాడుతున్న సంచి వంక, నిశ్చలంగా నిలిచిన గడియారం వంక మార్చి మార్చి చూసింది. "అంటే నేను మోసుకొచ్చిన బరువే దీన్ని నిలబెడుతోందన్నమాట."

"అవునండి. మీరు మోసింది ఏదీ ఊరికే పోదు."

మామూలు మాటే. కానీ ఇద్దరూ ఒకరి కళ్ళలోంచి ఒకరు చప్పున చూపు తిప్పుకున్నారు.

ఆ లెన్సుని అతను ఆమె కోసం విడిగా సరిచేశాడు. దూరంగా కరెంటు స్తంభం మీద పింగాణీ గిన్నె ఎండకి చుక్కలా మెరుస్తుంటే, ఆ మెరుపు గుండ్రంగా కనపడేదాకా మరలు బిగించి, వదులుచేసి, మళ్ళీ బిగించాడు. ఆ వీధిలోనే కాదు, ఇంకెక్కడా అంత చక్కటి గుండ్రం రాదని అతని నమ్మకం. తన పనంటే అతనికీ తక్కువ గర్వం లేదు.

"లెన్సు గారూ, మీరెప్పుడైనా కొండెక్కారా?" అని ఒకరోజు అడిగింది.

"లేదండి."

"ఈ డాబా దాటి?"

"స్టేషను దాకా వెళ్ళాను."

"రైలెక్కడానికా?"

"గడియారం దగ్గరగా ఎలా ఉంటుందో చూడ్డానికి."

ఆమె నవ్వుతూ నవ్వుతూ కిందికి దిగి, సంచి గోడ మేకుకి తగిలించబోయింది.

"అక్కడ వద్దండి" అన్నాడతను గబుక్కున. "అది మా నాన్నగారిది. ఊరెళ్ళారు."

"ఎప్పుడొస్తారు?"

అమ్మ కౌంటరు మీద లేని దుమ్ము తుడిచింది. టీచరు తన సంచి నేల మీద పెట్టేసింది.

ఆఖరి రోజు ముక్కలన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటీ ఎందుకో చెబుతున్నాడు. ఆమె మోచెయ్యి చేతిలోకి తీసుకుంది. "ఇదెందుకు?"

"మెడ విరుచుకోకుండా చూడ్డానికండి. పైగా..."

సరిగ్గా అప్పుడే ఆమె కళ్ళజోడు తల మీదికి తోసుకుని సూటిగా అతని వంక చూసింది. పైగా తర్వాత ఉన్నదంతా అతని నోట్లోంచి ఎగిరిపోయింది.

"పైగా?"

"పైగా... ఏం లేదండి."

ఆమె డాబా ఎక్కి, కంపెనీ పేరు ఒక్క గుక్కలో చదివింది. అమ్మ కిందనుంచే "ఇచ్చెయ్యి" అంది. సంచిలో పిల్లల సుద్దముక్కల డబ్బా పట్టక టీచరు కాసేపు కుస్తీ పట్టింది. చివరికి ఎలాగో పట్టించి, "వెళ్ళొస్తానండీ" అని గర్వంగా బయల్దేరింది. వీధి మలుపు దాకా అతను చూస్తూనే ఉన్నాడు. ఇంక ఏ సెలవు రోజునా ఈ తలుపు తోసుకుని ఎవరూ రారు.

ఆమె వెళ్ళిన కొన్ని రోజులకి లెన్సు గుడ్డ కోసం చెయ్యి పెడితే ఏదో గట్టిగా తగిలింది. గుడ్డలో భద్రంగా చుట్టి ఉంది మోచెయ్యి.

ఆమె పనే. సుద్దముక్కలకి చోటు కోసం తీసేసింది. మెడ కోసమే కదా, నా మెడ గట్టిదేలే అనుకుని ఉంటుంది. తప్పు ఆమెది కాదు. చెప్పాల్సిన రెండో సగం తను చెప్పలేదు. ఆ పొట్టి గొట్టానికి మోచెయ్యి లేకపోతే కంటి దగ్గరి లెన్సు చాలినంత వెనక్కి రాదు. ఎంత తిప్పినా ఫోకస్ కుదరదు, తెల్లటి మసక తప్ప ఏమీ కనపడదు. పక్క కొండల మీంచి నడిచొచ్చినవాళ్ళందరి ముందు ఆమె ఆ మసక పట్టుకుని నిలబడుతుంది.

ఆ ఎత్తిన గడ్డం కిందికి దిగడం అతను ఊహించుకోలేకపోయాడు. పైకెళ్ళి, "అమ్మా, సంచి కావాలి" అన్నాడు.

*

"డాబా ఎక్కు" అంది అమ్మ.

"కంపెనీ పేరు నాకు కంఠతా వచ్చమ్మా."

"అందుకే పేరు అడగను. గడియారం మీద ఏముందో చెప్పు."

సంచి భుజానేసుకుని ఎక్కాడు. పిడి తిప్పాడు. చెయ్యి రాయిలా నిలిచింది. "పావురం" అని అరిచాడు. "తోక మనవైపు పెట్టింది."

అమ్మకి ఇంక కాదనడానికి ఏమీ మిగల్లేదు. కిందికొచ్చాక సంచి పట్టీ బిగించింది, వదులు చేసింది, మళ్ళీ బిగించింది.

"ఎల్లుండి సాయంత్రానికి వచ్చేస్తానమ్మా."

"ఎల్లుండి అని చెప్పకు" అంది అమ్మ. "వచ్చాక చెప్పు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని అతను చూసిన ప్రతిదీ కొత్తదే. వంతెన, వంతెన కింద ఏరు, ఏటి అవతల మొదలయ్యే కొండ. బస్సు ఆగిపోయిన చోటినుంచి నడక. బుట్టలతో ఎక్కుతున్న ఆడవాళ్ళు అతన్ని దాటిపోతూ, "తొందరేం లేదు బాబూ, కొండ ఎక్కడికీ పోదు" అని నవ్వారు. అతనికి మాత్రం తొందరే. చంద్రుడు అప్పటికే పగటి ఆకాశంలో పల్చగా, సగం అరిగిన సబ్బు ముక్కలా తేలుతున్నాడు.

బడి ఆవరణలో జనం. లోపల నిశ్శబ్దం. అతని అడుగులు నెమ్మదించాయి. ఆలస్యమైపోయింది అనుకున్నాడు.

అప్పుడు కనపడింది. ఆవరణ మధ్యలో పొడుగాటి బల్ల. బల్ల మీద ఒక చిన్నపిల్ల వెల్లకిలా పడుకుని ఉంది. ఆ పిల్ల ముఖం మీదికి వంగి టెలిస్కోప్. దాని వెనక, కంటి లెన్సుకీ గొట్టానికీ మధ్య, టేపు చుట్టిన తెల్లటి నీళ్ళ పైపు ముక్క.

"గుంటలు" అంటోంది ఆ పిల్ల, ఎవరినో నిద్ర లేపకూడదన్నట్టు మెల్లిగా. "గుంటల్లో నీడలున్నాయి టీచర్."

బల్ల పక్కన టీచరు నిలబడి ఉంది. గడ్డం ఎప్పటిలాగే పైకెత్తి ఉంది.

అతను మోసుకొచ్చిన మోచెయ్యి అక్కడ ఎవరికీ అక్కర్లేదు. నీరుగారిపోవాల్సినవాడు, ఎందుకో ఛాతీ నిండా గాలి పీల్చుకుని నిలబడ్డాడు. లెన్సు సరిచేసిన రోజు కలిగిన గర్వం దీని ముందు ఎందుకూ కొరగాదు.

ఆమె అతన్ని చూసింది. తల ఒక్కటీ తిప్పకుండా మనిషి మనిషంతా, బీరువా తిప్పినట్టు తిరిగింది.

"లెన్సు గారూ. కొండెక్కారే."

"మెడకేమైందండీ?"

"ఏం కాలేదు."

"అయితే ఆ చెట్టు వైపు చూడండి."

"చెట్టులో చూడ్డానికేముంది" అంది ఆమె, కదలకుండా.

అతను నవ్వు ఆపుకుంటూ పైపు ముక్క వంక చూపించాడు. "ఇది మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినాయన పైగా దగ్గర ఆగిపోయాడు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. విసుగొచ్చి ఆ కంటి లెన్సు ఊడదీసి, చేత్తో వెనక్కి పట్టుకున్నాను. ఠక్కున చెట్టు కొమ్మ నిలిచింది. దూరం చాలడం లేదని అప్పుడు తెలిసింది. బడి వెనక పగిలిన పైపుంది." ఆగి, "తీసేసింది నేనేలెండి. మెడ గట్టిదనుకున్నాను" అంది కొంచెం తగ్గి.

"అందుకే తెచ్చాను" అని సంచిలోంచి మోచెయ్యి తీశాడు.

పైపు తీసి మోచెయ్యి బిగించి, ఫోకస్ పిడి పట్టుకున్నాడు. చంద్రుడు ఊగాడు. మళ్ళీ తిప్పాడు. ఇంకా ఊగాడు.

"మోశాక చెయ్యి నిలవాలండీ" అంది ఆమె, చాలా మర్యాదగా.

"నిలవడం లేదు."

"సంచిలో అంత బరువేముంది?"

"స్వెట్టరు. టార్చి. తాడు. రెండు ఈలలు."

"దానికే చెయ్యి వణుకుతుందా?"

"దానికి కాదండి."

"మరి?"

"పైగా తర్వాత మాటకి."

ఆమె కళ్ళజోడు తల మీదికి తోసుకుంది. "చెప్పండి."

"పైగా... మీరిలా చూస్తే నాకు ఏదీ గుర్తుండదండి. మీరు వెళ్ళిన దగ్గర్నుంచి మాత్రం ఇదొక్కటే గుర్తొస్తోంది."

వరసలో నిలబడ్డ ఒక ముసలామె గొంతు సవరించుకుంది. "అమ్మా టీచరమ్మా, ఆ మసక మీరిద్దరే చూసుకుంటారా, మాకు చంద్రుణ్ణి చూపించేదుందా?"

జనం గొల్లుమన్నారు. టీచరు ముఖం ఎర్రబడింది, గడ్డం మాత్రం దిగలేదు. పిడి మీదున్న అతని చేతి మీద తన చెయ్యి వేసి కొద్దిగా తిప్పింది. రెండు చేతుల కింద చంద్రుడు కదలకుండా నిలిచాడు.

"రండి అవ్వా" అంది. "పడుకోనక్కర్లేదు. ఇప్పుడు నిలబడే చూడొచ్చు."

*

మర్నాటినుంచి బడికి సెలవులు. ఎల్లుండి సాయంత్రం అనుకున్న బస్సు అనుకున్నట్టే వచ్చింది. అతనూ టీచరూ వంతెన అవతలే దిగి నడిచొచ్చారు. వీధి మలుపు తిరిగేసరికి డాబా మీద పెద్ద టెలిస్కోప్ నిలబెట్టి ఉంది. దాని మూతి స్టేషను వైపు లేదు, వంతెన వైపు ఉంది.

వాళ్ళు తలుపు తీసేలోపు అమ్మ మెట్లు దిగి గుమ్మంలోకి వచ్చేసింది.

"వంతెన మీద ఉండగానే చూశాను" అంది. "సంచి అమ్మాయి భుజాన ఉంది. నీ భుజాన లేదు. మోయించావా?"

"వచ్చానమ్మా" అన్నాడతను.

"కనపడుతూనే ఉంది." అమ్మ వీధి వైపు తిరిగింది. ఎదురింటివాళ్ళు వినేలా, "కొండెక్కాడు, దిగాడు. నా కొడుకు" అంది.

"సంచి నేనే లాక్కున్నాను" అంది టీచరు. "ఆడపిల్ల మోయలేదనా, అత్తయ్యా?"

ఆ పిలుపు విని అమ్మ గుమ్మం దిగింది. తర్వాత దగ్గరికొచ్చి, ఆమె భుజం మీంచి సంచి తీసుకుంది. బరువు చేత్తో తూచి చూసింది. నేరుగా గోడ దగ్గరికెళ్ళి ఆ మేకుకి తగిలించింది.

సంచి కాసేపు అటూ ఇటూ ఊగి నిలిచింది.

"ఆ రోజు ఎప్పుడొస్తారని అడిగావు" అంది అమ్మ, వాళ్ళ వైపు తిరక్కుండా. "మీ మామగారు తిరిగి రాలేదమ్మా. వీడికి ఆరేళ్ళప్పుడు, నవంబరులో."